ముందు వినాల్సిన మాటలు నేర్చుకో, చెల్లీ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లె. పెళ్లయి అమెరికా వచ్చి తొమ్మిదేళ్లు, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. పిల్లలిద్దరూ బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఇంటికి దగ్గర్లో ఒక హోటల్లో చేరాను. నాలుగు నెలల కిందట నన్ను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని చేశారు. నా కింద పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. మెక్సికో, హోండురాస్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరికి తప్ప ఇంగ్లీషు రాదు. రెండు నెలలుగా ఫోన్లో ఆప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘అబ్బాయి ఆపిల్ తింటున్నాడు’, ‘పిల్లి పాలు తాగుతోంది’ అనగలను గానీ పనిలో ఒక్క మాట అక్కరకు రావడం లేదు.

పోయిన నెల ఒక పెద్దావిడ బాత్రూం కడుగుతూ కళ్లు మూసుకుని బయటికి వచ్చింది. ‘మె ఆర్దె, మె ఆర్దె’ అంటోంది. ఇంట్లో ఏదో కష్టం వచ్చి ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి వచ్చేదాకా తెలియలేదు, ఆమె కళ్లు మండిపోతున్నాయని. బ్లీచూ టాయిలెట్ కడిగే మందూ కలిసిపోయాయట. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇంట్లో చెబితే మా మరిది ‘నువ్వు వాళ్ల పైన ఉన్నావు వదినా, వాళ్లే ఇంగ్లీషు నేర్చుకోవాలి’ అంటాడు. ముప్ఫై ఆరేళ్ల వయసులో నాకు భాష వస్తుందా? ఏ మాటలతో మొదలుపెట్టాలి?
— ఒక చెల్లి, ఇర్వింగ్, టెక్సస్

సమాధానం:

చెల్లీ, నన్ను అక్కా అన్నావు గనక నువ్వు అనే పిలుస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ రోజు నువ్వు చేసిన పని తప్పని నేననను. ఏడుస్తున్న మనిషి భుజం మీద చెయ్యి వేశావు. నీకు తెలియనిది ఒక్క మాట. ఆ మాట ఇప్పుడు నీకు జన్మలో మరపు రాదు. ‘మె ఆర్దె’ అంటే ‘నాకు మంటగా ఉంది’. నీ స్పానిష్ అక్కడే మొదలైంది, ఆపిల్ తినే అబ్బాయి దగ్గర కాదు.

నేను టెక్సస్ వచ్చిన కొత్తలో ఒక హోటల్ లాండ్రీలో పనిచేశాను. ఏడాదికల్లా నన్నూ నీలాగే పైకి తెచ్చారు. అప్పుడు నేను కష్టపడి నేర్చుకున్నవన్నీ చెప్పే మాటలు: కడగండి, మడవండి, తీసుకురండి, త్వరగా. ఓ మధ్యాహ్నం ఒకామె వచ్చి ‘వువేలె ఆ కెమాదో’ అంది. రెండుసార్లు అంది. నేను తల ఊపి, చేతిలో ఉన్న దుప్పట్లు ఇచ్చి మడవమన్నాను. కాలుతున్న వాసన వస్తోందని ఆమె చెబుతోంది. డ్రయ్యర్ వెనక పేరుకున్న నూలు పొట్టు అంటుకుంది. మనుషులకేమీ కాలేదు గానీ ఆ గది గోడ నల్లబడటం నా కళ్ల ముందు ఉంది. ఆ రాత్రి నా పుస్తకంలో కొత్త పేజీ తీసి, నేను చెప్పాల్సినవి పక్కనపెట్టి, వాళ్లు నాతో చెప్పబోయేవి రాయడం మొదలుపెట్టాను. నీకూ అదే చెబుతున్నాను. పని చెప్పడానికి మాట రాకపోతే చేత్తో చూపించవచ్చు, నువ్వే ఒక పక్క పరిచి చూపించవచ్చు. ఎదుటి మనిషి ఆపద చెబుతుంటే అర్థం కాకపోతే దానికి వేరే దారి లేదు.

అందుకని మొదటి పేజీ ఒంటి గురించి. ‘మె దువేలె’ అంటే ‘నాకు నొప్పిగా ఉంది’. దాని వెనక ఒంట్లో ఏ భాగం పేరు వస్తే అక్కడ నొప్పి. పక్కలు పరిచేవాళ్లకు ఎక్కువగా వచ్చేవి నాలుగు: లా ఎస్పాల్దా అంటే వీపు, నడుం, ఎల్ ఓంబ్రో భుజం, లా రొదీయా మోకాలు, లా మున్యేకా మణికట్టు. ఓంబ్రో దగ్గర కాస్త జాగ్రత్త. ఓంబ్రె అంటే మగమనిషి, ఆంబ్రె అంటే ఆకలి. చివరి అచ్చు, మొదటి అచ్చు శ్రద్ధగా విను. తర్వాత జరిగిపోయినవి: ‘మె కఈ’ పడ్డాను, ‘మె రెస్బలే’ జారాను, ‘మె కొర్తే’ తెగింది, ‘మె కెమే’ కాలింది. ‘ఎస్తోయ్ మరెఆదా’ అంటే కళ్లు తిరుగుతున్నాయి. ‘నో పువేదో రెస్పిరార్’ అంటే ఊపిరి ఆడటం లేదు. ఈ చివరిది వినపడితే ఇంకేం ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యి.

రెండో పేజీ గదుల్లో కనబడే ప్రమాదాల గురించి. హోటల్ గది ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఏం వదిలిపోతారో నీకు తెలుసు. బీద్రియో అంటే గాజు ముక్క. అగూహా సూది, చెత్తసంచిలో చెయ్యి పెట్టే మనిషి నోట ఆ మాట వస్తే పరుగెత్తాలి. సాంగ్రె రక్తం. చించెస్ అంటే నల్లులు, ఈ మాట ఎంత తొందరగా నీ చెవిన పడితే హోటల్‌కి అంత మంచిది. ‘ఎస్తా తపాదో’ అంటే మూసుకుపోయింది, నీళ్లు పోవడం లేదు. ‘నో సీర్బె’ పనిచెయ్యడం లేదు. ‘సె అకబో’ అయిపోయింది. ఈ అయిపోవడం సబ్బుకైనా, షాంపూకైనా ఒకటే మాట.

మీ హోటల్లో జరిగిందాని గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. బ్లీచును మెక్సికో వాళ్లు క్లోరో అంటారు. టాయిలెట్ మరకలు వదిలించే మందుల్లో చాలావాటిలో ఆసిడ్ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అద్దాలు తుడిచే కొన్ని మందుల్లో అమ్మోనియా ఉంటుంది, బ్లీచు దానితో కలిస్తే క్లోరమీన్ అనే మరో ఘాటు వాయువు. రెండూ కళ్లనూ ఊపిరితిత్తులనూ పట్టేవే. అలా జరిగితే మొదట మనిషిని గాలిలోకి తీసుకురావాలి, కళ్లు మండుతుంటే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. 1-800-222-1222 అనేది అమెరికా అంతటా విషప్రమాదాల సలహా నంబరు, అక్కడ స్పానిష్‌లోనూ మాట్లాడతారు. ఆ నంబరు మీరు సామాన్లు తోసుకెళ్లే కార్టుల మీద అంటించు. దాని పక్కన పెద్ద అక్షరాలతో ‘నో మెస్క్లార్’, అంటే కలపవద్దు, అని స్పానిష్‌లో రాయించు. మీ అందరికీ ఆ ఒక్క కాగితం నా ఉత్తరమంతటి కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

నీ మరిది అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. పనిలో భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా. ప్రమాదాల గురించి ఇచ్చే శిక్షణ పనివాళ్లకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఉండాలని ఆ సంస్థ 2010లో స్పష్టంగా చెప్పింది. అది యజమాని బాధ్యత. మీ హోటల్లో ఆ మందుల గురించి స్పానిష్‌లో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అని మీ మేనేజరును అడుగు. అడగడానికి జంకకు.

నీ మరిదికి ఇంకోటి కూడా చెప్పు. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్ ఇళ్లల్లో వంటకూ పిల్లల పెంపకానికీ వెళ్లలేదు? అరబ్బీ ముక్క రాకుండా విమానం ఎక్కినవాళ్లే. వాళ్లలో ఒకామె చెయ్యి కాల్చుకుని ‘మంట, మంట’ అన్నప్పుడు ఆ ఇంటావిడకు ఆ ఒక్క తెలుగు మాట తెలిసి ఉంటే ఎంత బాగుండేదో ఆలోచించమను. మీ హోటల్లో ఇప్పుడు ఆ ఇంటావిడ స్థానంలో ఉన్నది నువ్వు. వాళ్లూ ఇంగ్లీషు నేర్చుకోవాలి, నేర్చుకుంటారు. రెండు ఉద్యోగాలు చేసి ఇంటికి వెళ్లి వంట చేసుకునే మనిషికి దానికి ఎంత సమయం పడుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

వయసు గురించి అడిగావు. నీకు ముప్ఫై ఆరేళ్లుగా తెలుగు వచ్చు. స్పానిష్‌కి అది చిన్న పెట్టుబడి కాదు. ఆప్‌లు ఇంగ్లీషు మీదుగా నేర్పుతాయి గనక మన చేతిలో ఉన్నది మనకు కనబడదు. ఈ విషయం మీద నాకు ఎంత చెప్పినా తనివి తీరదు, కొంచెం ఓపికపట్టు.

‘నాకు నడుం నొప్పిగా ఉంది’ అంటాం మనం. నొప్పి నాకు. ఇంగ్లీషువాడు నేను అని మొదలుపెట్టాలని చూస్తాడు, స్పానిష్‌లో అక్కడ ఆగిపోతాడు. స్పానిష్ మనలాగే ‘నాకు’ అని మొదలవుతుంది: మె దువేలె, మె ఆర్దె, మె గూస్తా. మె గూస్తా అంటే నాకు ఇష్టం. ‘మె ఫాల్తాన్ త్రెస్ సాబనాస్’ అంటే ‘నాకు మూడు షీట్లు తక్కువయ్యాయి’. ఒకటే తక్కువైతే ఫాల్తా, ఎక్కువైతే ఫాల్తాన్. తక్కువైంది, తక్కువయ్యాయి అన్నట్టే. ఇది వివరించడానికి ఇంగ్లీషు పుస్తకాలకు నాలుగు పేజీలు కావాలి. నీకు ఇది పుట్టుకతో వచ్చింది.

అలాగే ‘వస్తున్నాను’ అంటే చాలు, నేను అని చెప్పక్కర్లేదు మనకు. క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. వాళ్లకూ అంతే. ‘తెర్మినే’ అంటే ముగించాను, ‘తెర్మినో’ అంటే ముగించింది. రెండింటిలోనూ ఒత్తు, అంటే నొక్కి పలకడం, చివరి అక్షరం మీద పడుతుంది. అదే ‘తెర్మీనో’ అని మధ్యలో ఒత్తితే ‘ముగిస్తాను’ అయిపోతుంది. గది సిద్ధమైందో కాలేదో ఆ ఒత్తులోనే ఉంటుంది. మన భాషలో ఒత్తు వల్ల అర్థం మారదు గనక మన చెవి దాన్ని పట్టించుకోదు. తెలుగువాళ్లకు నిజంగా శ్రమ కావాల్సిన చోటు ఇదే.

ఇంకొకటి. గ్లాసు చేతిలోంచి జారి పగిలితే మనం ‘పగిలిపోయింది’ అంటాం, ‘పగలగొట్టాను’ అనం. వాళ్లు ‘సె మె కయో’ అంటారు, అంటే ‘నా చేతిలోంచి పడిపోయింది’. ఇంగ్లీషు మేనేజర్లకు అది తప్పు తప్పించుకోవడంలా వినిపిస్తుందని నేను కళ్లారా చూశాను. ఒకామెకు దాని మీద నోటీసు కూడా ఇవ్వబోయారు. అది వాళ్ల భాష మాట్లాడే తీరు. ఆ సంగతి మేనేజర్లకు వివరించగల మనిషి మీ హోటల్లో బహుశా నువ్వొక్కదానివే.

ఉచ్చారణకు వస్తే, స్పానిష్ త మన త, ద మన ద. ప, క కూడా మనలాగే గాలి ఊదకుండా పలుకుతారు. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసింది రాసినట్టు చదువుతారు. కొన్ని తేడాలు గుర్తుపెట్టుకుంటే చాలు. మాట మొదట్లో హెచ్ అక్షరం ఉంటే అది పలకదు. జె అక్షరాన్ని హ అని పలుకుతారు, కాస్త గొంతులోంచి. వి, బి రెండూ బ. రెండు ఎల్‌లు కలిస్తే య. ఎన్ మీద అలలాంటి గీత ఉంటే అది మన ఞ. జ్ఞానం అనే మాటలో తప్ప మనం దాన్ని దాదాపు మరిచిపోయాం, ఇక్కడ మాత్రం అది రోజూ కావాలి. మన్యానా అంటే రేపు, బాన్యో అంటే బాత్రూం. అందుకే నీ పుస్తకంలో మాటలు తెలుగు లిపిలో రాసుకో. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే నాలుక ఇంగ్లీషు పలుకుతుంది. పక్కనే స్పానిష్ స్పెల్లింగ్ కూడా ఉంచు, సీసాల మీద చదవడానికి.

ఇప్పుడు నీ లినెన్ గదిలోకి వెళ్లి చూద్దాం. అక్కడ నీకు చుట్టాలున్నారు. 1498లో పోర్చుగీసువాళ్లు మన దేశం ఒడ్డుకు చేరాక వాళ్ల మాటలు ఎన్నో మన ఇళ్లల్లోకి వచ్చేశాయి. పోర్చుగీసు, స్పానిష్ రెండూ లాటిన్ బిడ్డలే. తువ్వాలు ఆ దారిన వచ్చిందే, స్పానిష్‌లో తొఆయా. బాల్చీ కూడా అంతే. హోండురాస్ ఆమె బాల్దె అంటుంది, మెక్సికో ఆమె కుబేతా అంటుంది. అల్మరాకు అర్మారియో. బొత్తానికి బొతోన్. హైదరాబాద్ వైపు వాళ్లు అనే చాబీకి యావె దగ్గరి చుట్టం. మేస్త్రీకి మఎస్త్రో: మెక్సికోలో తాపీ పనివాళ్లలో పెద్దను ఇప్పటికీ అలాగే పిలుస్తారు. సబ్బు, హబోన్ కూడా దూరపు చుట్టాలే, రెండింటి వేరూ లాటిన్ మాటే. అన్నట్టు, సోపా అంటే సబ్బు అనుకునేవు. సోపా అంటే తాగే సూప్. ఇలా ఇంగ్లీషు చూపించి దారి తప్పించే మాటలు ఇంకా ఉన్నాయి. రోపా అంటే తాడు కాదు, బట్టలు. బాసో అంటే పూలు పెట్టే కుండీ కాదు, నీళ్ల గ్లాసు. తలుపుకు తగిలించే అట్ట మీద ‘నో మొలెస్తార్’ అని చూసి కంగారు పడకు, ‘ఇబ్బంది పెట్టకండి’ అని మాత్రమే దాని అర్థం. ఒకామె ‘ఎస్తోయ్ ఎంబరసాదా’ అంటే సిగ్గుపడుతోందని అనుకోకు. ఆమె కడుపుతో ఉంది. ఆమెకు బరువైన పరుపులు ఎత్తే పని ఆ రోజు నుంచే తగ్గించు, ఘాటైన మందుల దగ్గరికి వెళ్లనివ్వకు.

మిగతా వస్తువుల పేర్లు పెద్ద కష్టం కావు. సాబనా షీటు, అల్మొఆదా దిండు, ఫుందా గలీబు, కొబీహా దుప్పటి, ఎస్కోబా చీపురు, త్రపెఆదోర్ మాపు, అస్పిరదోరా వాక్యూమ్, గువాంతెస్ చేతి తొడుగులు, బసూరా చెత్త. ఒక వారంలో వచ్చేస్తాయి. ప్రతి పేరుకూ ముందుండే ఎల్, లా కూడా కలిపి ఒకే మాటగా నేర్చుకో, తర్వాత విడిగా నేర్చుకోవడం కష్టం. ఇంగ్లీషు నుంచి పుట్టిన మాటలు కూడా వినపడతాయి: మధ్యాహ్న భోజనాన్ని లోంచె అంటారు, ట్రక్కును త్రోకా అంటారు. ఇది తప్పు స్పానిష్ అని ఎవరైనా చెబితే నమ్మకు. మీ వాళ్లు ఏది అంటే అదే మీ హోటల్‌కి సరైన మాట.

అంకెల దగ్గర మాత్రం బాగా సాధన చెయ్యి, గది నంబర్లన్నీ వాటితోనే. దోస్ 2, దోసె 12. త్రెస్ 3, త్రెసె 13. సెసెంతా 60, సెతెంతా 70, వీటితో తప్పని తిప్పలు. అనుమానం వస్తే చేతిమీద రాసి చూపించమని అడుగు. రోజూ కారులో వెళ్తూ ముందున్న బళ్ల నంబర్లు స్పానిష్‌లో చదువు. నేను ఇప్పటికీ చదువుతాను.

నేర్చుకునే పద్ధతి సంగతి. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసి, కొత్తగా నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుందని, మధ్యలో విరామమిస్తూ మళ్లీ మళ్లీ చూసుకుంటే నిలుస్తుందని చూపించాడు. అందుకని రోజుకు ఐదు మాటలు చాలు. ఒక్కోటి ఒక చిన్న అట్టముక్క మీద రాసి ఏప్రన్ జేబులో వేసుకో. ఆ రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారం తర్వాత. అట్ట చూసి చదవడం కాకుండా, తెలుగు వైపు చూసి స్పానిష్ గుర్తుతెచ్చుకో, ఆ పెనుగులాటే మాటను నిలబెడుతుంది. ఆప్‌ను వదలక్కర్లేదు, రాత్రి పది నిమిషాలు చాలు.

అన్నిటికంటే మంచి గురువులు నీ దగ్గరే ఉన్నారు, ఆ పదకొండు మంది. వస్తువు చూపించి ‘కోమో సె దీసె?’ అని అడుగు, దీన్నేమంటారు అని. అర్థం కాకపోతే ‘మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్’, కాస్త నెమ్మదిగా అని. తల ఊపి ఊరుకోవడం మాత్రం మానేయాలి, నేను డ్రయ్యర్ దగ్గర చేసిన తప్పు అదే. అర్థం కానప్పుడు నీ ముఖం ఆ సంగతి చెప్పాలి. ఒక్క షరతు: వాళ్ల విరామ సమయాన్ని నీ పాఠానికి వాడుకోకు. ఆ పదిహేను నిమిషాలు వాళ్లు ఇంటికి ఫోన్ చేసుకోవడానికి. కార్టు సర్దేటప్పుడు, లిఫ్టులో, షీట్లు మడిచేటప్పుడు అడుగు.

పిలుపు గురించి ఎవరూ నీకు చెప్పి ఉండరు. నువ్వుకూ మీరుకూ ఉన్న తేడా స్పానిష్‌లోనూ ఉంది: తూ, ఉస్తేద్. ఆప్‌లు ఎక్కువగా తూ నేర్పుతాయి. నీ దగ్గర పనిచేసే వాళ్లను, నీకంటే చిన్నవాళ్లను కూడా, ఉస్తేద్ అనే పిలువు. పైనున్న మనిషి నువ్వు అనడం వేరు, తోటి మనిషి నువ్వు అనడం వేరని మనకు ఎవరు నేర్పాలి? హోండురాస్, గ్వాటెమాలా వాళ్లు తమలో తాము బోస్ అనుకుంటారు, అది వాళ్లకు వదిలెయ్యి. పెద్దవాళ్లయితే పేరుకు ముందు దోన్యా చేర్చు. మరియా గారు అనడానికి దోన్యా మరియా. మన గారు లాగే అది కూడా ఇంటిపేరుకు అంటుకోదు, మనిషి పేరుతో ఉంటుంది. మెక్సికో వాళ్లు మాట వినపడకపోతే ‘మాందె?’ అంటారు, మనం ‘ఆఁ, అండీ?’ అన్నట్టు. పొద్దున్నే ‘కోమో అమనెసియో?’ అని పలకరిస్తారు. మీకు ఎలా తెల్లవారింది అని దాని అర్థం. నాకు తెలిసిన పలకరింపుల్లో ఇంత అందమైనది తక్కువ. తింటున్నవాళ్ల పక్కనుంచి వెళ్తే ‘ప్రొబేచో’ అనాలి, అనకపోతే వెలితిగా ఉంటుంది. ‘అఒరీతా’ అంటే ఇప్పుడే అని ఆప్ చెబుతుంది. మెక్సికో వాళ్ల నోట అది ఇప్పుడే కావచ్చు, ఇంకో గంటకు కావచ్చు. మనం ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అన్నట్టు.

గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ల గురించి ఒక జాగ్రత్త. వాళ్లలో చాలామందికి ఇంటి భాష స్పానిష్ కాదు. మామ్, కిచె లాంటి మాయా భాషలు. స్పానిష్ వాళ్లకూ నేర్చుకున్న భాషే. ఒకామె తక్కువ మాట్లాడుతుంటే తెలివి తక్కువనీ, పొగరనీ ఇతరులు అనవచ్చు. నువ్వు అనకు. ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?’ అని మెల్లగా అడుగు. ఆ భాషలో ఒక్క ధన్యవాదం నేర్చుకుని చెప్పి చూడు.

కొన్ని సంగతులకు నీ స్పానిష్ సరిపోదు, సరిపోయిందనుకోకూడదు కూడా. జీతం లెక్కలో తేడా వచ్చినా, ఎవరికైనా హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చినా, దెబ్బ తగిలి ఆసుపత్రి కాగితాలు నింపాల్సి వచ్చినా, దుబాసీని పెట్టించమని మేనేజరును అడుగు, ఫోన్లో దొరికే దుబాసీలు ఉన్నారు. తోటి పనామెను మధ్యలో పెట్టి ఇంకొకరి ఆరోగ్యం గురించి అడగకు. ‘ఫాల్తాన్ ఓరాస్ ఎన్ మి చేకె’ అని ఎవరైనా అంటే, జీతంలో కొన్ని గంటలు పడలేదని అర్థం. అంతవరకు అర్థం చేసుకుని, చూస్తానని మాటిచ్చి, ఆ రోజే చూడు. ఇంకొక మాట, పాపేలెస్, కాగితాలు, అంటే ఈ దేశంలో ఉండటానికి అనుమతి కాగితాలు. సరదాకైనా అది నీ నోట రాకూడదు. ఆ మాట వింటే కొన్ని ఇళ్లల్లో రాత్రికి అన్నం దిగదు.

నువ్వు ఆ పెద్దావిడ పేరు రాయలేదు. సోమవారం పొద్దున పనిలోకి వెళ్లగానే, కార్టులు బయటికి తీయకముందే ఆమె దగ్గరికి వెళ్లు. పేరుకు ముందు దోన్యా చేర్చి పిలిచి, ‘కోమో సీగెన్ సుస్ ఓహోస్?’ అని అడుగు. మీ కళ్లు ఇప్పుడెలా ఉన్నాయి అని. ఓహోస్ అంటే కళ్లు. ఈ ఆదివారమంతా వంట చేస్తూ ఆ ఒక్క వాక్యం పలుకుతూ ఉండు. ఆమె ‘యా మెహోర్’ అంటే తగ్గిందని. ‘తొదబీయా మె ఆర్దెన్’ అంటే ఇంకా మండుతున్నాయని, అప్పుడు ఆ రోజు ఆమెను డాక్టరు దగ్గరికి పంపడమే నీ మొదటి పని. ఏమందో నాకు రాయి.